మొదటి గడిలో 'లేదు'

"ఈ ఆరోగ్య పోస్టు మూసేస్తున్నాం. సంతకం పెట్టండమ్మా," అన్నాడు తనిఖీకి వచ్చిన తెరాసాస్, కాగితం బల్ల మీదికి తోస్తూ.

ప్రిమితీవా కోల్కే కలం ముట్టుకోలేదు. "మూసేస్తే తొమ్మిదూళ్ళ వాళ్ళు ఎక్కడికి పోవాలి సారూ?"

"రూలు నేను రాసింది కాదు. పట్టా నర్సు లేకుండా ఆరోగ్య పోస్టు నడపకూడదు. ఎనిమిది నెలలుగా మీకు పట్టా నర్సు లేదు. మీరేమో సహాయ నర్సు. ఏడాది కోర్సు."

"ఏడాదిన్నర."

"సరే, ఏడాదిన్నర. దాని పైన మూడేళ్ళ టెక్నీషియన్ కోర్సుంది. దాని పైన అయిదేళ్ళ యూనివర్సిటీ పట్టా. ఆ పైన స్పెషలిస్టు చదువులు. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క మెట్టు కూడా ఎక్కలేకపోయారా?"

"రెండుసార్లు పోతోసీ నగరంలో నర్సింగు సీటొచ్చింది సారూ. మీ బదులు ఎవరైనా వస్తే వెళ్ళండి అన్నారు మీ ఆఫీసువాళ్ళే. ఎవరూ రాలేదు."

తెరాసాస్ ఏదో అనబోయేంతలో తలుపు ధడేల్మంది. నలుగురు ఆడవాళ్ళు ఒక నేత దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని లోపలికొచ్చారు. అందులో నిండు చూలాలు. పాతికేళ్ళుంటాయేమో. బయట చలికి నీళ్ళు గడ్డకడుతుంటే ఆమె ఒళ్ళంతా చెమటలు.

"రాస్తారోకోలో ఆగిపోయిన మినీబస్సులో ఉంది ప్రిమితీవక్కా," అంది ముందున్న ఆడమనిషి రొప్పుతూ. "మన చుట్టుపక్కల మనిషి కాదు. ఉమ్మనీరు పోయింది."

"పెద్దాసుపత్రికి పంపడానికి దారిస్తారా లేదా?"

"మనవాళ్ళే కదా రాళ్ళు పేర్చింది. ఇప్పుడు తీస్తున్నారు. గంట పట్టేట్టుంది."

ప్రిమితీవా ఆమెని మంచం మీద పడుకోబెట్టించి, చేతులు కడుక్కుని చూసింది. బిడ్డ తల కనిపిస్తోంది. గంట కాదు, పది నిమిషాలు కూడా లేవు.

"అమ్మా, మీరు కాన్పు చెయ్యడానికి వీల్లేదు," తెరాసాస్ లేచి నిలబడ్డాడు. "పట్టా నర్సు గానీ డాక్టరు గానీ దగ్గరుండి..."

"ఆ సంగతి బిడ్డకి చెప్పండి సారూ, ఆగుతుందేమో."

మంచం మీది ఆమె ప్రిమితీవా మణికట్టు పట్టుకుంది. "నువ్వు... పట్టా నర్సువేనా?"

అవునంటే ధైర్యం తెచ్చుకుంటుంది. ఊళ్ళో సగం మంది తనని అలాగే పిలుస్తారు కూడా. అయినా ప్రిమితీవాకి అబద్ధం నోట రాలేదు.

"కాదు తల్లీ. సహాయ నర్సుని. రెండొందల పైచిలుకు కాన్పులు చూశాను. నా వల్ల కానిదేదైనా వస్తే నీ దగ్గర దాచను."

ఆమె రెండు క్షణాలు ప్రిమితీవా కళ్ళలోకే చూసి, చెయ్యి వదిలేసింది. "కానివ్వు మరి."

తల బయటికొచ్చింది. మెడకి పేగు రెండు చుట్లు. ప్రిమితీవా వేలు దూర్చి ఒక చుట్టు తప్పించింది. రెండోది బిగుసుకుపోయి ఉంది. "ముక్కకు! ఆగు, ముక్కకు తల్లీ!" మెల్లగా, గోరు తగలకుండా, దాన్నీ తప్పించింది. బిడ్డ జారి చేతుల్లో పడింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, కదలడం లేదు. ఒళ్ళు తుడిచి, నోరు శుభ్రం చేసి, వీపు రుద్దింది. మళ్ళీ రుద్దింది. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో దణ్ణాలు మొదలుపెట్టారు. అప్పుడు ఏడ్చింది పిల్ల, కోపం వచ్చినట్టు.

ఆ సంతోషం నిండా అయిదు నిమిషాలు నిలవలేదు. మాయ పడిపోయాక కూడా నెత్తురు ఆగలేదు. పక్క తడిసి నేల మీదికి కారుతోంది. పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి మెత్తగా ఉంది.

"పెద్దాసుపత్రి డాక్టరుకి ఫోను చెయ్యండి సారూ!"

తెరాసాస్ చేశాడు. మళ్ళీ చేశాడు. "ఎత్తడం లేదు."

నెత్తురు ఆపే సూదిమందు ఫ్రిజ్జులో ఉంది. డాక్టరు ఆర్డరు లేకుండా సహాయ నర్సు దాన్ని ముట్టుకోకూడదు. ప్రిమితీవా సిరంజిలోకి మందు ఎక్కించింది.

"అమ్మా, ఇది నేను రాయాల్సొస్తుంది. మీ ఉద్యోగం పోతుంది."

"రాసుకోండి. ముందు వచ్చి ఈ కాలు పట్టుకోండి."

అతను కాగితం పక్కన పెట్టి వచ్చి పట్టుకున్నాడు. తొడలో సూది దిగింది. ప్రిమితీవా రెండు చేతులతో పొట్ట మర్దన చేస్తూనే ఉంది. భుజాలు పడిపోతున్నా ఆపలేదు. చాలాసేపటికి ఆమె అరచేతి కింద గర్భసంచి రాయిలా గట్టిపడింది. నెత్తురు సన్నగిల్లింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒకామె కోకా ఆకుల కషాయం తెచ్చి తల్లి చేత గుక్కెడు తాగించింది.

తెరాసాస్ చొక్కా చేతులకంటిన నెత్తురు కడుక్కొచ్చి మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు.

"బాగా చేశారమ్మా. కానీ చూసింది రాయకపోతే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు తల వంచుకునే. మొదటి గడి: పట్టా నర్సు ఉన్నారా? 'లేదు' అని రాశాడు. రెండో గడి: ఆర్డరు లేకుండా మందులిచ్చారా? కలం దాని మీద ఆగింది.

ప్రిమితీవా బిడ్డని తల్లి పక్కన పడుకోబెట్టింది.

"నన్ను క్షమించక్కా," అంది ఆ తల్లి నీరసంగా. "నొప్పుల్లోనే నీకు చెప్పాల్సింది. కానీ చెబితే నీ చేతులు నా మాట కోసం ఆగిపోతాయని భయపడ్డాను."

"ఏం చెప్పాల్సింది తల్లీ?"

ఆమె బల్ల వైపు తల తిప్పింది.

"సారూ, మొదటి గడిలో 'లేదు' కొట్టేసి నా పేరు రాయండి. మొన్ననే ఈ పోస్టుకి వేసిన పట్టా నర్సుని నేనే, చేరడానికే వస్తున్నాను."