బిందెకు ఇంగ్లీషు

"ఈ ఒక్క పూటకు పిల్లల చేత ఇంగ్లీషు రైములు చెప్పిద్దాం సిస్టర్. వచ్చే ఫాదర్ గారు సంతోషపడతారు. రేపటి నుంచి మన దారి మనకు ఉండనే ఉంది," అంది ఒకటో తరగతి టీచరు ఉషారాణి.

"పెళ్లిచూపులకు అరువు నగలు పెట్టుకున్నట్టా? వద్దమ్మా. మన బడి ఎలా ఉందో అలాగే చూడనీ," అన్నారు సిస్టర్ రజిని.

ఉదయగిరి దుర్గం నీడన ఉన్న ఆ చిన్న కథోలిక ప్రాథమిక పాఠశాలకు ఆమె ప్రధానోపాధ్యాయిని. ఏడాదికి సరిపడా ఊరగాయ పెట్టే ఇల్లాలికి ఎంత శ్రద్ధ ఉంటుందో, ప్రతి వేసవిలోనూ టీచర్లను కూర్చోబెట్టి పాఠాలు అమర్చడంలో ఆమెకు అంత శ్రద్ధ. నెలకొక విషయం. ఈ నెల విషయం నీళ్లు. తెలుగులో నీళ్లు, లెక్కల్లో నీళ్లు, నీతిబోధలో దప్పికగొన్నవారికి నీళ్లిచ్చిన కథ. వీటన్నిటినీ మించి ఆమె పట్టుబట్టి పెట్టిన నియమం ఒకటుంది. ఏ మాటకైనా మూడు మెట్లు: మొదట పిల్ల ఇంటి నుంచి తెచ్చిన మాట, తర్వాత పుస్తకం మాట, ఆ పైన ఇంగ్లీషు. ఒకటో తరగతిలో ఇంటి మాటను తప్పని ఎవరూ దిద్దరాదు.

ఆ నియమానికే ఇప్పుడు గండం వచ్చిపడింది. "ఇంగ్లీషు బడి గదా అని పంపిస్తే, బిడ్డకు మళ్లీ మా ఊరి యాసే నేర్పిస్తుండారు" అని ఒకటో తరగతి పిల్ల తండ్రి ఎవరో నెల్లూరులో ఈ బడులను నడిపే చర్చి విద్యా విభాగానికి ఫోన్ చేశాడట. పేరు వారు చెప్పలేదు, ఈమె అడగనూ లేదు. పల్లెల పిల్లలు ఆటోల్లో వచ్చి ఆటోల్లో పోతారు. తండ్రులు ఈ గడప తొక్కడమే అరుదు. విచారణకు కొత్త ఫాదర్ గారు ఈ వారంలోనే వస్తారనీ, ఆయన ఉంచమంటే ఆ పద్ధతి ఉంటుందనీ, లేదంటే పోతుందనీ కబురు వచ్చింది. ఆయనను ఇక్కడ ఎవరూ చూసి ఎరగరు. వరికుంటపాడు వైపు మనిషనీ, ఫాదర్లు వేసుకునే తెల్ల అంగీ లేకుండా మామూలు బట్టల్లో బస్సెక్కి తిరుగుతారనీ మాత్రం విన్నారు.

ఇంతలో ఒకటో తరగతి అశ్విత రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది.

"సిస్టర్! ఫాదర్ వచ్చినాడు! గేటు కాడ ఉండాడు!"

'వచ్చారు అనాలి' అన్న మాట సిస్టర్ నాలుక చివరి దాకా వచ్చింది. నియమం పెట్టింది తానే కదా! దిగమింగుకుని గేటు దగ్గరికి నడిచారు.

చేతిసంచితో, ఉతికిన తెల్లచొక్కాతో ఒకాయన చెప్పులు విడవాలా వద్దా అని తటపటాయిస్తున్నారు.

"రండి ఫాదర్. మీ కోసమే చూస్తున్నాం."

"నేనొస్తానని మీకు ముందే తెలుసా అమ్మా?"

"నెల్లూరు నుంచి చెప్పారు."

ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. "అయితే ఆ ఫోన్ సంగతి మీ దాకా వచ్చిందన్నమాట."

"వచ్చింది. అందులో దాపరికమేముంది? ముందు పాఠం వినండి. విన్నాక మీరు ఏం నిర్ణయించినా సరే."

ఒకటో తరగతి గదిలో కుర్చీ వేయించబోతే వద్దని, వెనక చిన్న బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారాయన. ఎంత నిగర్వి అనుకున్నారు సిస్టర్.

"మీ ఇంట్లో నీళ్లు ఎట్లా వస్తాయి?" అని మొదలుపెట్టింది ఉషారాణి.

"మా ఇంటికాడ బోరుండాది టీచర్!"

"మాకు ట్యాంకరొస్తాది!"

"వాళ్ల నీళ్లు ఉప్పు టీచర్, మాయే తీపి!"

"నువ్వెప్పుడు తాగినావురా?"

నవ్వులు సద్దుమణిగాక అశ్విత లేచి చేతులు కట్టుకుంది. "సీతారామపురంలో మా అవ్వ బిందెతో నీళ్లు తెస్తాది."

ఉషారాణి ఆ వాక్యాన్ని అక్షరం మార్చకుండా బోర్డు మీద రాసింది. "ఇది అవ్వ మాట. మరి పుస్తకం ఏమంటుంది?"

"తెస్తుంది!" అన్నారు పిల్లలు.

"ఇంగ్లీషులో?"

అశ్విత ఊపిరి బిగబట్టింది. "మై గ్రాండ్‌మదర్ బ్రింగ్స్ వాటర్ ఇన్ ఎ... బిందె!"

తరగతి ఫక్కున నవ్వింది. "బిందెకు ఇంగ్లీషు లేదా టీచర్?"

"వెతుకుదాం. దొరక్కపోతే మన బిందెనే వాళ్లకిద్దాం," అంది ఉషారాణి.

వెనక బెంచీ మీద ఆయన చేతిరుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. సిస్టర్ దగ్గరికి వెళ్లారు.

"ఏమంటారు ఫాదర్?"

"ఏమనేదమ్మా! ఆత్మకూరులో ఇంగ్లీషు బడులు చూసినా. పిల్లోళ్లు చిలకల మాదిరి అప్పజెప్తారు, అంటే ఏందిరా అంటే తెల్లమొగం. ఈడ సీతారామపురం ముసలామె తన కాళ్లతో తానే ఇంగ్లీషులోకి నడిచొచ్చింది గదా!"

"అయితే ఈ పద్ధతి..."

"మార్చబాకండి. ఒక్క అక్షరం మార్చబాకండి. ఆ ఫోన్ మాట మర్చిపోండి. ఈ పొద్దే నెల్లూరికి ఇంకో ఫోన్ పోతాది. నాదీ పూచీ."

సిస్టర్ రజిని గుండె నిండిపోయింది. ఎన్ని వేసవులు ఎండలో కూర్చుని అల్లిన పని! ఎవరి ముందూ వంగని ఆమె నడుము మరికాస్త నిటారైంది. తరగతి వైపు తిరిగి, గొంతు సవరించుకుని, గంట కొట్టినట్టు పలికారు.

"పిల్లలూ, లేవండి. తలలు వంచండి. ఫాదర్ మనందరినీ దీవిస్తారు."

పిల్లలు కళ్లు మూసుకున్నారు. ఉషారాణి కొంగు సర్దుకుంది. సిస్టర్ కూడా తల వంచి నిలబడ్డారు. దీవెన ఎంతకీ రాలేదు. చివరికి, బిడియంగా, ఒక గొంతు మాత్రం వినిపించింది.

"నేను ఒక్క అశ్వితకే గదమ్మా నాయన్ని!"