పదిహేడో పాఠం

నీతి పాఠాల కమిటీలో పదహారు పాఠాల దాకా ఏ పేచీ రాలేదు. నిజం చెప్పడం, వరసలో నిలబడటం, అడిగి తీసుకున్న పెన్సిలు తిరిగివ్వడం... అన్నిటికీ అధ్యక్షుడు కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాడు. పదిహేడో పాఠం దగ్గర బండి ఆగిపోయింది.

పాఠం పేరు 'అమ్మ చనిపోయిన స్నేహితురాలితో ఎలా ఉండాలి?' మూడో తరగతికి.

"చిన్నపిల్లల పుస్తకంలో చావులేంటమ్మా! శుభ్రంగా సీతాకోకచిలుకల మీద రాయక!" అన్నాడు అధ్యక్షుడు.

రాసిన టీచరమ్మ రెండు నెలల సెలవు తర్వాత ఆ రోజే వచ్చింది. బాగా సన్నబడింది. వ్యాయామం గట్టిగా చేస్తున్నట్టున్నారే అని ఆయన పొద్దున్నే మెచ్చుకున్నాడు కూడా.

"ఉండాలి సార్," అంది.

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. 'అయ్యో పాపం అనకూడదు. గుచ్చి గుచ్చి అడగకూడదు. ఎప్పట్లాగే ఆటకి పిలవాలి. జడ వంకరగా వేసుకొస్తే నవ్వకూడదు.'

"జడ సంగతి కూడానా!" పుస్తకానికి బొమ్మలు వేసే ఆయన కిసుక్కున నవ్వాడు.

"సరే, ఐదో తరగతిలో పెడదాం," అన్నాడు అధ్యక్షుడు.

"మూడులోనే సార్."

"పోనీ, వచ్చే ఏడాది చూద్దాం."

"ఈ టర్ములోనే సార్. ముందు మన వీధి చివరి బడిలో, మూడో తరగతి బి సెక్షన్లో చెప్పించి చూద్దాం."

"ఎ సెక్షన్ వాళ్లేం పాపం చేశారమ్మా?"

ఆవిడ నవ్వలేదు. ఉడుంపట్టు మనిషితో ఎవరు వేగుతారు? పైగా భోజనాల వేళ దాటిపోతోంది. ఆయన విసుక్కుంటూ పెన్ను తీశాడు. "ఆ జడ వాక్యం మాత్రం కొట్టేస్తున్నా."

"అదొక్కటీ ఉంచండి సార్. మీకు దణ్ణం పెడతాను."

ఒక్క వాక్యానికి ఇంత రాద్ధాంతమా అని ఆయన బిత్తరపోయాడు. సంతకం గీకేశాడు.

తీరా చూస్తే, అంత పట్టుబట్టి సంతకం చేయించుకున్న కాగితం ఆవిడ బల్ల మీదే మర్చిపోయి వెళ్లింది. మతిమరుపు మనిషి అనుకుంటూ, సాయంత్రం ఇచ్చిపోదామని ఆయన వాళ్లింటికి వెళ్లాడు. తలుపు తీసే ఉంది.

లోపల అద్దం ముందు, 'మూడు-బి' బ్యాడ్జి పెట్టుకున్న పిల్ల "నాకు రావట్లేదు, నువ్వే వెయ్యమ్మా!" అని మారాం చేస్తూ తన జడతో తనే తంటాలు పడుతుంటే, టీచరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "మళ్లీ మొదట్నుంచి వెయ్యి తల్లీ, నేను చెయ్యి వెయ్యను, నీ అంతట నీకే రావాలి," అంటోంది.