వణికిన చేయి

నా కూతురు హవల్దారు ఇందుమతికి సాహస పతకం ఎందుకు రాదో వివరించడానికి పతకాల కార్యాలయం నుంచి హైమ అనే అధికారిణి మా ఇంటికి వచ్చింది. నేను గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తూ విన్నాను.

"కాల్పుల మధ్య ఆవిడ గాయపడిన ముగ్గురిని మోసుకొచ్చారు. నాలుగో మనిషి కోసం వెళ్లి తిరిగి రాలేదు. అదంతా నిజమే, అమ్మగారూ. కానీ నాలుగుసార్లూ నాడి నూట ఎనభై దాటిందని, చేతులు వణికాయని హెల్మెట్ నమోదు చేసింది. భయం నమోదైతే పతకాలు నిర్ణయించే యంత్రం దాన్ని సాహసంగా లెక్కించదు."

"నిరుడు పతకం ఎవరికిచ్చారు?"

"మందుగుండు మోసే మరమనిషికి. దానికి నాడి ఉండదు కదండీ."

"అయితే మా రుబ్బురోలుకూ ఒకటి ఇవ్వండి. అదీ ఎన్నడూ భయపడలేదు."

హైమ నవ్వబోయి ఆపుకుంది.

"యంత్రం తీర్పును మనిషి కాదనే వీలుందా?" అని అడిగాను.

"అధికారి అసమ్మతి రాయవచ్చు. ఈరోజే గడువు. రాస్తే ఉద్యోగం నిలవదని ఇంతవరకు ఎవరూ రాయలేదు."

"నా కూతురు భయపడలేదని రాయకు. అది అబద్ధం. భయపడింది. నాలుగుసార్లూ వెళ్లింది. ఆ రెండు వాక్యాలు చాలు."

చిక్కుళ్ల పళ్లెం జరిపి బల్ల మీద ఆమెకు చోటిచ్చాను.

హైమ సంచిలోంచి అసమ్మతి పత్రం తీసి అక్కడ పరిచింది. తరువాత కలం తీసింది. రెండో వాక్యం దగ్గర ఆమె మణికట్టు పట్టీ ఎర్రగా వెలిగి, నాడి నూట నలభై దాటిందని హెచ్చరించింది.

"చేయి వణుకుతోందండీ" అంది.

"వణకనీ అమ్మాయ్. అక్షరాలు కనబడుతున్నాయి."

హైమ సంతకం చేసింది.