రెండో గేరు నుంచి మూడుకి

"గేరుబాక్సు పోయిందయ్యా! ఆ కరకర వినపడట్లేదూ?" మా ఆయన మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. ఇది మూడో షాపు.

"నేను నడిపితే రావట్లేదు సార్. క్లచ్ చివరిదాకా పట్టకపోతేనే అలా అరుస్తుంది."

"ఇరవయ్యేళ్లుగా నడుపుతున్నా, నాకు క్లచ్ పట్టడం నేర్పుతావా? పదవే, ఇంకో షాపు చూద్దాం."

బైకు మీద వెనక కూర్చుని ఈసారి ఆయన ఎడమచేతినే గమనించాను. క్లచ్ లివరు సగం దాకా వచ్చి ఆగిపోతోంది. వేళ్లు వణుకుతున్నాయి. చెప్పాలా వద్దా అని రెండు వీధులు తటపటాయించి, ఆయన క్లచ్ పట్టగానే ముందుకు వంగి ఆ వేళ్ల మీద నా చెయ్యివేసి నొక్కాను. గేరు చప్పుడు లేకుండా పడింది.

బండి పక్కకు ఆపాడు.

"ఎన్నాళ్ల నుంచండీ చేతికిలా?"

"ఆర్నెల్లు. ఒక్కడైనా బండిదే తప్పంటాడేమోనని తిరుగుతున్నా."