తర్జుమాలో పుట్టిన హక్కు

బారిస్టరు ఆర్థర్ గారు ఇంగ్లీషులో ఒక్క మాట అంటే, నోవహు తెలుగులో నాలుగు మాటలంటున్నాడు. మొదట్లో ఇంత లేదు. అరగంటపాటు పొల్లుపోకుండా తర్జుమా చేశాడు. చర్చిలో దొరల ప్రసంగాలకు పదేళ్ళుగా నోరు అరువిస్తున్న మనిషి, అతనికిది కొత్తేమీ కాదు.

పోలీస్ యాక్షన్ అయి ఏడాదిన్నర. రాజ్యాంగం వచ్చి రెండు నెలలైనా కాలేదు. నిన్నటిదాకా నిజాం ఫర్మానా తప్ప మరోటి ఎరగని జనానికి హక్కులంటే ఏమిటో చెప్పడానికి ఆర్థర్ గారిని మద్రాసు నుంచి పిలిపించారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు పొద్దున్నే వేరే ఉపన్యాసం అయిపోయింది. సాయంత్రం మెట్టుగూడ బడి హాల్లో కిక్కిరిసి కూర్చున్నది రానివాళ్ళు.

ముందు వరసలో నోవహు ఇంటి యజమాని సదాశివ ఉన్నాడు. తిరుమలగిరి తెల్లదొరల పల్టన్లకు ఇరవై ఏళ్ళు గడ్డీ దాణా సరఫరా చేసి ఇల్లు కట్టినవాడు. సంతకం ఉర్దూలో పెడతాడు. బయట పులి, ఇంట్లో మాత్రం భార్య కమలాబాయి గీసిన గీత దాటడు. ఆమె తమ్ముడు మధుసూదన్ పనీపాటా లేకుండా ఆర్నెల్లుగా అక్క ఇంట్లో తిష్ఠ వేశాడు. వాడికి నోవహు ఉంటున్న వాటా ఇప్పించాలని ఆమె పట్టు. అందుకే నిన్న సదాశివ గడప దగ్గర నిలబడి నేల చూపులు చూస్తూ, "వచ్చే ఐతారం కల్లా ఖాళీ చేయాలె సారూ, మా ఆమె వింటలేదు" అన్నాడు.

నోవహు భార్య మేబెల్‌కు నెలలు నిండాయి. ఈ స్థితిలో తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి? నిన్నటినుంచీ అతనికి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే బారిస్టరు గారు, పౌరుడు దేశంలో ఎక్కడైనా నివసించవచ్చు అన్నారు. 'నివసించడం' అన్న మాట చెవిన పడగానే నోవహు నాలుకకు పగ్గం తెగింది.

"పౌరుడికి నివసించే హక్కు ఉంది!" అన్నాడు గొంతెత్తి. "అంటే ఏమిటి? సరిగ్గా అద్దె కట్టే మనిషిని, అందులోనూ ఇంట్లో నిండు చూలాలున్న మనిషిని, ఖాళీ చెయ్యమనడానికి వీల్లేదు. అన్నారో, ఢిల్లీలో సుప్రీంకోర్టు ఊరుకోదు!"

ఆడవాళ్ళ వైపు నుంచి మేబెల్ గట్టిగా దగ్గింది. మొగుడి తర్జుమా వినాలని వచ్చిన ఆమెకు ఇంగ్లీషు బాగానే వచ్చు. నోవహు అటు చూస్తే ఒట్టు.

సదాశివ లేచి నిలబడ్డాడు. నోవహు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"జెర మళ్ల చెప్పు సారూ. ఎన్క కూసున్నోళ్లకు ఇనపడలే."

వెనక కూర్చున్నది కమలాబాయి. నోవహు మళ్ళీ చెప్పాడు. రెండోసారికి హక్కు ఇంకాస్త ఒళ్ళు చేసింది, చూలాలితో పాటు బాలింత కూడా వచ్చి చేరింది.

"మరి ఇల్లుగలామె తమ్ముడు అడిగితే? అప్పుడు సుత ఖాళీ చేయించరాదా? బారిస్టర్ సాబ్‌ను అడుగు."

నోవహు ఆర్థర్ గారి వైపు తిరిగి, సుప్రీంకోర్టులో ఎంతమంది జడ్జీలుంటారని అడిగాడు. ఆయన ముచ్చటపడి, చేతులూపుతూ చాలాసేపు చెప్పారు.

"తమ్ముడు కాదు, తాత దిగొచ్చినా కుదరదంటున్నారు" అన్నాడు నోవహు.

"గంతసేపు చెప్పింది గింతేనా?" కమలాబాయి కేకేసింది.

"లా భాష అంతేనమ్మా. పిండితే ఇంతే వస్తుంది."

హాలంతా నవ్వింది. సదాశివ మాత్రం కూర్చోలేదు.

"ఇంకొక్క ముచ్చట. ఆ తమ్ముడు ఆర్నెల్ల సంది బావ ఇంట్లనే కూసున్నడనుకో. గాయనకేమన్న హక్కులున్నయా?"

నోవహు సదాశివను ఎగాదిగా చూశాడు. ఈయన తవ్వుతూ పోతే ఎక్కడో ఒకచోట పాము బయటపడక మానదు. ఏమడగాలో తోచక, పౌరుడి రాకపోకల గురించి చెప్పమని బారిస్టరును బతిమాలాడు. జవాబు విన్నాక ప్రాణం లేచొచ్చింది. దాన్ని మాత్రం అక్షరం మార్చకుండా తర్జుమా చేశాడు.

"ఉన్నాయండీ. ఆ పౌరుడు దేశంలో ఏ మూలకైనా స్వేచ్ఛగా వెళ్ళవచ్చు."

చప్పట్లు మోగాయి. సదాశివ వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. "ఇన్నవా కమలా? నీ మాట ఎన్నడన్న కాదన్ననా? గని సర్కారు మాట ఎట్ల దాటుత? జైల్ల ఏస్తరు!"

"ఏం రాజ్యాంగమో, ఏం పాడో!" కమలాబాయి పళ్ళు నూరింది. "మా తమ్మునికి రేపే టికెట్ తీయి. ఇంకేం కానూన్లు పుడతయో ఏమో."

సభ ముగిసింది. తన మాటలు ఇంత బాగా జనంలోకి వెళ్ళినందుకు ఆర్థర్ గారు నోవహు భుజం తట్టి మరీ వెళ్ళారు. ఇల్లు దక్కింది. మేబెల్ ముఖంలో కోపం ఎంతో, ఊరట అంత. నోవహుకే ఆ ఊరట లేదు. పాపం, ఇంగ్లీషు ముక్క రాని సదాశివను నలుగురిలో బురిడీ కొట్టించాడు. రేపు ఏ ముఖం పెట్టుకుని ఆయన ఎదట పడతాడు?

గుమ్మం దగ్గర సదాశివ ఒక్కడే నిలబడి ఉన్నాడు. నోవహు తల వంచుకుని దగ్గరికి వెళ్ళాడు.

"సదాశివ గారూ, మీతో ఒక నిజం చెప్పాలండీ. ఆ బారిస్టరు గారు అసలు..."

సదాశివ చెయ్యెత్తి ఆపాడు. కమలాబాయి గేటు దాటిందో లేదో చూసి, నోవహు చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు.

"యువర్ లా ఈజ్ బెటర్ దాన్ హిజ్, మిస్టర్ నోవహు!"