బెంజో రాజీ

"వేళ్ళా అవి!" అన్నాడు భానుచందర్, కళ్ళు మూసుకుని ఫోన్‌లో పాట వింటూ.

సౌమ్య చపాతీని పెనం మీదే వదిలేసి వచ్చింది. పెళ్ళయి రెండు నెలలైనా కాలేదు. తన వేళ్ళ గురించి ఆయన ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

"ఎవరి వేళ్ళు?"

"రాజీ అట. ఈ పాటల బెంజో వాయించింది ఆమెనే. మన హన్మకొండ పోరగాండ్ల బ్యాండు ఇది! కంట్రీ అనే అమెరికా పల్లె పాటలల్ల సర్ఫ్, కలల తేలిచ్చే సైకెడెలిక్ రాక్ కలిపిండ్రు."

"సర్ఫా? పాటలను నానబెట్టి ఉతికిండ్రా?"

"బట్టల పొడి కాదు తల్లీ! సముద్రం అలల మీద తేలే ఆట. గిటారు ఆ అలల్లెక్క మోగాలె. వీళ్ళు గిటారు పక్కన పెట్టి, పెళ్ళి బ్యాండుల బెంజో పెట్టిండ్రు. విను, చివర్ల ఆమె నవ్వుతది. ఆ నవ్వు..."

సౌమ్య ఫోన్ లాక్కుని పాట ఆపేసింది.

తెల్లారి ఆయన డ్యూటీకని స్టేషన్ ఘన్‌పూర్ రైలెక్కాక, అదే ఆల్బమ్ తానే పెట్టుకుంది. పేరు "ఎండలో అలలు". తీగలు గలగలా పొంగి, తేలి, కలలోలా ఎక్కడికో కరిగిపోతున్నాయి.

బాగుంది. బాగుండటమే మంట.

నవ్వు రాకముందే ఆపేసింది.

"ఆపినవేంది బిడ్డా?"

గుమ్మంలో రాజక్క. తల నెరిసింది, ఒక కంటికి పట్టీ. కంటి దవాఖానలో చూపించుకోవడానికి ఏటూరునాగారం నుంచి వచ్చి, పక్క పోర్షన్‌లో మేనకోడలి దగ్గర ఉంటోంది. వచ్చిన రోజే సౌమ్యకు గోంగూర వలిచిపెట్టి దోస్తీ కట్టింది.

"మా ఆయన దీని వేళ్ళ మీద మనసు పారేసుకున్నడు రాజక్కా. దొరికితే ఇరగ్గొడ్త!"

రాజక్క రెండు చేతులూ కొంగు కింద దాచుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, ఎప్పటిలాగే "అమ్మో, నా పానం!" అని ఆగింది.

"అందంగుంటదా ఏందే ఆ పిల్ల?"

"ఎవరికెరుక! టక్కులాడి."

"టక్కులాడే!" రాజక్కకు మళ్ళీ నవ్వు. "ఒక్కపారి కడదాక పెట్టరాదే. విన్నంక నీకొక ముచ్చట చెప్త."

"నాకు దాని నవ్వు వినబుద్ది కాదు."

ఇక రోజూ ఇదే తంతు. మధ్యాహ్నం పాట, గుమ్మంలో రాజక్క, నవ్వు రాకముందే ఆపేసే సౌమ్య.

శుక్రవారం రాజక్క దవాఖానకు పోయిన పూట, పొడుగు జుట్టు కుర్రాడొకడు తలుపు కొట్టాడు.

"అక్కా, బెంజో రాజీ గారు ఈ గల్లీలనే దిగిండ్రట. ఆదివారం మా బ్యాండు ప్రోగ్రాం. ఆమెను స్టేజీ ఎక్కియ్యాలె. ఫోన్ లేదామెకు."

సౌమ్య ఒళ్ళు భగ్గుమంది. గల్లీ దాకా వచ్చిందా!

"అసొంటోళ్ళు ఈ గల్లీల ఎవ్వరు లేరు. పో!"

శనివారం రాజక్క ఊరికి బయల్దేరింది.

"అప్పుడేనా? ఇంకో రెండు రోజులు ఉండరాదు?"

"ఒక కబురొస్తదని ఆగిన బిడ్డా. రాలే. మర్చిపోయిండ్రు గావొచ్చు." పట్టీ తీసిన కంటిని కొంగుతో ఒత్తుకుంది. "నీ మొగుడు మంచోడే. ఫికర్ చెయ్యకు."

ఆదివారం భానుచందర్‌తో ప్రోగ్రాంకి వెళ్ళింది సౌమ్య. ఆ టక్కులాడి రాదు కదా, ధీమాగా ముందు వరుసలోనే కూర్చుంది.

స్టేజీ మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంది. పొడుగు జుట్టు కుర్రాడు మైకు అందుకున్నాడు.

"ఈ ఆల్బమ్‌కు ప్రాణం రాజీ గారు. చానా దేవులాడినం, దొరకలే. తను వాయించిన పాట ఎట్లొచ్చిందో ఆమె ఇంకా కడదాక వినలే కావొచ్చు. ఆమె లేంది ఇది వాయించలేం, అందుకే ఈ ఒక్క పాట రికార్డే పెడ్తానం."

పాట మొదలైంది. ఆపేద్దామంటే ఇది సౌమ్య చేతిలోని ఫోన్ కాదు.

అలలు పొంగాయి, తేలాయి, కరిగాయి. తీగలు ఆగాయి. హాలంతా ఒక నవ్వు పరుచుకుంది.

నవ్వీ నవ్వీ ఆ గొంతు అంది, "అమ్మో, నా పానం!"