మానిపోయే గోడ

జమాలున్నీసాకు ఒళ్లు మండిపోయింది. గోడలో కంత మళ్లీ పూడిపోయింది.

"దీని మొహం మండ! నిన్ననే పొడిస్తిని. ఇయ్యాలకే మానిపాయె!" అంటూ గోడను అరచేత్తో ఒక్కటి చరిచింది. గోడకేం, చెయ్యే చుర్రుమంది.

తాండూరులో ఆ రెండిళ్ల మధ్య మొన్నటిదాకా నిలువుగా పాతిన నాపరాళ్లే హద్దు. నడుమెత్తు కూడా ఉండవు. వాటి మీంచే ఇటు నుంచి సేమియా గిన్నె, అటు నుంచి జొన్నరొట్టెలు దాటేవి. ఇటు జమాలున్నీసా, అటు సత్యమ్మ. కాపురాలకొచ్చిన నాటి నుంచీ తెగని కబుర్లు.

ఓ రోజు ఒక రాయి ఒరిగి జమాలున్నీసా కొడుకు ముజాహిద్ బండి అద్దం పగిలింది. రాయికి దూడను కట్టేశావని సత్యమ్మ కొడుకు చెన్నయ్య మీదికి ఇతను, రాయి పక్కన బండెందుకు పెట్టావని అతను. మాటామాటా పెరిగింది. ముజాహిద్ తలెత్తు గోడ లేపేశాడు. ఆ గడప తొక్కితే నా మీద ఒట్టేనని తల్లి కాళ్లు కట్టేశాడు. సత్యమ్మకేమో ఫోన్ లేదు.

పైగా అది మామూలు గోడ కాదు. ముజాహిద్ వికారాబాద్‌లో ఓ బిల్డరు దగ్గర ఇంజనీరు. అక్కడి నుంచి కొత్తరకం సిమెంటు తెచ్చాడు.

"గీ సిమెంట్ల ఆవగింజ కన్న చిన్న గోలీలుంటయి అమ్మీ. గోడ పగిలితే గవి గూడ పగుల్తయి. లోపలి మందు కారి గట్టిపడి, పగులు దానంతటదే పూడుతది. తెల్లటి మచ్చ తప్ప ఏం కనవడది" అని మురిసిపోయాడు.

ఎవరడిగారు వాణ్ణి?

సత్యమ్మతో రోజుకో మాటైనా ఆడకపోతే జమాలున్నీసాకు ముద్ద దిగదు. వారం తిరక్కుండానే మనిషి సగమైంది. ఆఖరికి ఇనుప సువ్వ తీసుకుని, ఇటుకల సందులో వేలు పట్టేంత కంత చేసింది. నోరు ఆనించింది. ముందు కడుపులో మంట కక్కాలి కదా!

"సత్తెమ్మా, ఇంటున్నవా? నీ కొడుక్కి జర గూడ బుద్ధి లేదే. గా దూడకున్న అకల్ గూడ లేదు. నువ్వు జర భయం పెట్టి పెంచుంటే గిట్లయితుండెనా?"

అవతల గాజులు గలగలమన్నాయి. జవాబు మాత్రం లేదు. పాపం, కొడుకు ఇంట్లో ఉన్నాడు కాబోలు అనుకుంది. తెల్లారి చూస్తే కంత నిండా తెల్లటి మచ్చ.

ఆమె వదిలే రకమా? మళ్లీ పొడిచింది. చెన్నయ్యను కడిగేసింది. పూడిపోయింది. మళ్లీ పొడిచి, ఈసారి సత్యమ్మ కోడలిని కూడా కలిపి దులిపింది. అదీ పూడింది. సిమెంటు కనిపెట్టినవాణ్ణి కూడా తిట్టిపోసింది.

ఆదివారం ముజాహిద్ ఇంటికి రాగానే మీద పడింది. "నీ సిమెంటు పాడుగాను! ఎన్ని మార్లు పొడిచినా మానిపోతున్నది. ఏం మందు పోసినవ్‌రా దీంట్ల?"

ముజాహిద్ వెళ్లి కంత పూడిన చోటు చూశాడు. కోప్పడబోయి నవ్వేశాడు.

"గా మందు ఎంటిక మందం పగులుకే అమ్మీ. గింత కంత ఎన్నేండ్లయినా పూడది."

"మరి రోజూ పూడుతున్నది గదరా!"

కొడుకు మాట అబద్ధమని రుజువు చేయాలన్న పంతంతో సువ్వ అందుకుంది. కంత పొడిచి, ఈసారి నోటికి బదులు కన్ను ఆనించింది.

అవతల సత్యమ్మ, తమలపాకుల డబ్బాలోంచి సున్నం ముద్ద బొటనవేలితో తీసి, కంతలో అదిమేసింది.